పసుపు ముక్క చుట్టూ నలభై ఒక్క కుట్లు

ఈ సభకి పెద్దగా కూర్చున్న ప్రదర్శనశాల అయ్యగారికి, ముప్పై ఒక్క ఏళ్ళు నాకు పని చూపించిన దుకాణానికి ఇప్పటి యజమాని చిన్న మేస్త్రిగారికి, ఎనభై దాటిన వయసులో ఇన్ని మెట్లెక్కి నా కోసం వచ్చిన పెద్దమ్మగారికి, గోడవారగా నిలబడ్డ మన ఇస్త్రీ మావయ్యకి (కూర్చో మావయ్యా, ఇవాళ కూడా నిలబడే ఉంటే ఎలా?), వెనక వరసలో గుసగుసలాడుతున్న మా కుట్టుగది ఆడపిల్లలకి, పేరుపేరునా అందరికీ నమస్కారం.

నాకు సభల్లో మాట్లాడటం రాదు. చదువు నాలుగో తరగతి దగ్గరే ఆగింది. అందుకని రాసుకొచ్చాను, వారం రోజులు పట్టింది. ఈ కాగితాలకి వెనకవైపు కోటు చేతుల కొలతలున్నాయి. మధ్యలో ఎక్కడైనా నేను "ఇరవై మూడున్నర" అన్నానంటే కాగితం తిరగబడిందని అర్థం చేసుకోండి. (నవ్వులు)

ముందుగా, నాకు ఇంత మంచి చేతుల కుర్చీ బహుమతిగా ఇచ్చినందుకు చిన్న మేస్త్రిగారికి ధన్యవాదాలు. ముప్పై ఒక్క ఏళ్ళు నన్ను వీపు ఆనించడానికి లేని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, ఇంక రావద్దన్న రోజున మెత్త వేసిన కుర్చీ ఇచ్చారు. (నవ్వులు) మీ నాన్నగారు, పెద్ద మేస్త్రిగారు ఉంటే ఏమనేవారో తెలుసా బాబూ? "కుర్చీ ఇస్తే నిద్రపోతుందిరా, పీటే ఉంచు" అనేవారు. (నవ్వులు, చప్పట్లు)

ఇందాక నా గురించి చెబుతూ ఒకావిడ "ఈమెని మేమంతా ప్రేమగా అత్తా అని పిలుస్తాం" అంది. వట్టి అత్త కాదు, నా వెనక మీరు నన్నేమంటారో నాకు తెలుసు. విప్పత్త. (వెనక వరసలో నవ్వులు) నవ్వండి, నవ్వండి. ఎవరి కుట్టు మీదికి వంగి చూసినా నా నోట మొదట వచ్చే మాట అదే కదా. విప్పు. అంచు ఒక్క నూలుపోగు పక్కకి జరిగినా విప్పు. దారం కాస్త వదులైనా విప్పు. బాగుందని నేనన్న రోజులు మీరు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని ఉంటారు. కానీ ఆ పేరు పెట్టింది మీరు కాదర్రా. మీకంటే ముందు ఒకతె పెట్టింది, విప్పమ్మ అని. దాన్ని మీరు అత్త చేసుకున్నారు. ఆ ఒకతె గురించి తర్వాత చెబుతాను. గొంతు కుదురుగా ఉన్నప్పుడు చెప్పాల్సినవి ముందు చెప్పేస్తాను.

ఇక్కడ బల్ల మీద పరిచిన పట్టు బొంతని మీరంతా చూశారు. ప్రదర్శనశాల వారి అట్ట మీద ఏదో పెద్ద పేరు రాసి ఉంది, నాకు నోరు తిరగలేదు. నాకది బొంతే. పెద్దమ్మగారి నాయనమ్మ కుట్టిన బొంత. నూరేళ్ళు దాటింది. అరచేతిలో సగం ఉండే ఆరు మూలల పట్టు ముక్కలు, పదకొండు వందల పైచిలుకు. అరిగిపోయిన కోట్ల లోపలి అస్తరు, చిరిగిన గొడుగు గుడ్డ, మెడకి చుట్టుకునే రుమాళ్ళు, ఏది దొరికితే అది. ఆవిడ నడుముకి ఎప్పుడూ కత్తెర వేలాడుతుండేదట. ఇంట్లో అందరూ కత్తెర నాయనమ్మ అనేవారట. పట్టుబట్ట కట్టుకుని ఆ ఇంటికొచ్చిన చుట్టాలు అంచులు ఒళ్ళోకి లాక్కుని కూర్చునేవాళ్ళట, ఎప్పుడు ఏ మూల కత్తిరిస్తుందోనని. (నవ్వులు)

మూడేళ్ళ క్రితం బాగుచేయమని ఈ బొంత పెట్టెలోంచి మా గదికి వచ్చినప్పుడు ముట్టుకుంటే పొడి రాలుతోంది. వేరే పనుల మధ్య, అన్నీ కలిపి పద్నాలుగు నెలలు దాని మీద కూర్చున్నాను. ఒక మనిషి పక్కన అన్నాళ్ళు కూర్చుంటే వాళ్ళ సంగతులు మనకి ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి. ఆవిడది ఎడమచేతి వాటం. కుట్టు వాలు చూస్తే తెలిసిపోతుంది, మనందరి కుట్టూ ఇటు వాలితే ఆవిడది అటు వాలుతుంది. ముడి మూడుసార్లు వేస్తుంది, నమ్మకం తక్కువ మనిషి. అలిసిపోయిన రోజు కుట్టు చిన్నదవుతుంది కానీ పెద్దదవదు. పదకొండు వందల ముక్కల్లో ఎక్కడా నేను ఆవిడకి "విప్పు" అనాల్సి రాలేదు. నా జన్మలో అలాంటి చేయి ఇంకొకటి చూడలేదు.

ఇందాక ప్రదర్శనశాల అయ్యగారు ఒక మాట అన్నారు. భూతద్దం పెట్టి చూసినా ఏది పాత కుట్టో ఏది ఈమె కుట్టో కనిపెట్టలేకపోయానన్నారు. ముఖ్యంగా ఎడమవైపు కింది మూల, పసుపు ముక్క దగ్గర, అసలు చేయి పడినట్టే లేదన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు.

(కాగితాలు సర్దుకుని)

ఆ చప్పట్లు నేను తీసుకోలేను. ఆ మూల గురించి చెప్పడానికే వచ్చాను. చిన్న మేస్త్రిగారూ, మీరు కంగారుపడతారని నాకు తెలుసు. దుకాణం పేరు ఏమవుతుందోనని అనుకుంటారు. ముందే చెప్పనందుకు క్షమించండి. ముందే చెబితే "ఎందుకమ్మా ఇప్పుడు" అనేవారు, నేను సరేననేదాన్ని.

నాకు ఒక కూతురు. ఈ గదిలో సగంమందికి తెలుసు, బడి అయ్యాక నేరుగా ఇక్కడికే వచ్చి నా పీట పక్కన నేల మీద కూర్చునేది. చూసి ఒక వంకర కుట్టు కుట్టేది. చూడకుండా ఇంకో వంకర కుట్టు కుట్టేది. ధ్యాసంతా కబుర్ల మీదే. కుట్టింది నా ముందు పెట్టేది.

"అమ్మా, ఇది బాగుంది కదా?"

"విప్పు."

"నువ్వు చూడనే లేదు!"

"చూడక్కర్లేదు. విప్పు."

ఇస్త్రీ మావయ్యకి గుర్తుండే ఉంటుంది. ఒకసారి అది చేతిలో గుడ్డ కింద పడేసి, అందరి ముందూ అంది: "ఏం విప్పమ్మా, నన్ను కూడా విప్పేసి మళ్ళీ మొదట్నుంచి కుడతావా ఏంటి?" గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, "కుదిరితే అదే చేసేదాన్ని" అన్నాను. తమాషాకే అన్నాను. అదీ తమాషాకే తీసుకుందని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.

పదహారేళ్ళు నిండి రెండు నెలలు. జ్వరం వచ్చింది. పదకొండు రోజులు. అంతే. నాలుగేళ్ళయింది.

మంచినీళ్ళు వద్దమ్మా, ఉన్నాయి.

అది పోయాక ఇల్లంతా వెతికాను. దాని చేతి కుట్టు ఒక్కటి ఉంటే చాలనుకున్నాను. దిండు గలీబు నేను కుట్టిందే. దాని బడి సంచి నేను కుట్టిందే. దాని గౌను అంచు అది ఒకసారి కుట్టుకుంది, వంకరగా ఉందని నేనే విప్పి మళ్ళీ వేశాను. ఇక్కడికొచ్చి అది కుట్టు నేర్చుకుంటూ చేయి తిప్పుకున్న నూలు గుడ్డ వెతికాను. గుడ్డ దొరికింది. కుట్టడం, విప్పడం, ఉతకడం, మళ్ళీ అదే గుడ్డ. కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూశాను. సూది గుచ్చిన జాడ ఒక్కటీ లేదు. నూలుకి ఒక్కసారి నీళ్ళు తగిలితే రంధ్రం మూసుకుపోతుంది. విప్పిన దారాలు ఏమయ్యాయంటారా, ప్రతి సాయంత్రం చీపురుతో ఊడ్చి పారేసింది నేనే.

అది పోయిన ఏడాదికి ఈ బొంత వచ్చింది. రెండో నెలలో ఎడమవైపు కింది మూలకి చేరాను. అక్కడ పసుపు ముక్క ఉంది. దాని అంచు మడిచి పైనుంచి కుట్టారు. ఆ కుట్లు చూశాను. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి పక్కకి తూలి, రెండు ఒకదాని మీద ఒకటి ఎక్కి. సూది కింద పెట్టేశాను. ఎందుకంటే అవి నాకు తెలిసిన కుట్లు. ఆ వంకర నాకు తెలుసు. చూస్తూ కూర్చోలేకపోయాను. నా నోరే అనేసింది, విప్పు అని. గదిలో ఎవరూ లేరు, నాకు నేనే అనుకున్నాను. విప్పేశాను.

తర్వాత ఎవరో చేతకానివాళ్ళు మధ్యలో వేసిన అతుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అయ్యా, పెద్దలారా, అది అబద్ధం. దారం అదే దారం. మిగతా బొంతంతా ఉన్న రంగే, అంతే పాతది. పైగా ఆ వంకర కుట్ల వాలు కూడా ఎడమవైపే. ఎడమచేతి వాటం తల్లి పక్కన కూర్చుని ఆమె చేయి చూసి నేర్చుకున్నవాళ్ళకే ఆ వాలు వస్తుంది. ముప్పై ఏళ్ళ చేయి నాది, నాకు తెలియకపోతుందా? తెలిసింది. తెలిసినా ఆగలేదు. తిన్నగా, సన్నగా, ఒక్క పోగు అటూ ఇటూ పోకుండా కుట్టి పెట్టాను. మీరు ఇందాక చప్పట్లు కొట్టింది దానికే.

ఇంకా అయిపోలేదు. అసలు తప్పు ఇప్పుడు వస్తుంది.

రెండు వారాల కిందట పెద్దమ్మగారు బొంత చూడటానికి మా గదికి వచ్చారు. చూడటానికి అన్నానే గానీ, ఆవిడకి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప కనపడవు. నా పీట మీద కూర్చుని, "ఎడమవైపు కింది మూల నా చేతికి అందించు తల్లీ" అన్నారు. అందించాను. వేలితో తడుముతూ చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళ నాన్నగారి కంటే ముందు నాయనమ్మకి ఒక ఆడపిల్ల పుట్టిందట. ఎనిమిదేళ్ళకే పోయిందట. వరసకి ఈవిడకి మేనత్త, కానీ ఈవిడ ఆ పిల్లని కళ్ళతో చూడలేదు. ఆ పిల్ల తన చేత్తో కుట్టింది ఈ పసుపు ముక్క ఒక్కటే. ఈవిడ చిన్నప్పుడు నాయనమ్మ ఒళ్ళో కూర్చుంటే, నాయనమ్మ ఈవిడ వేలు పట్టుకుని ఆ కుట్ల మీద నడిపించేదట. "ఇదిగో, మీ అత్త ఇటు నడిచిందే. ఇక్కడ తూలింది చూడు. ఇక్కడ పరిగెత్తింది."

ఒక్క పోగు పక్కకి పోతే ఒప్పుకోని చేయి ఆ నాయనమ్మది. ఆవిడకి ఆ వంకర కనపడలేదా? కనపడింది. ఉంచింది. దాన్ని అలాగే ఉంచి, దాని చుట్టూ మిగతా బొంతంతా కుట్టుకుంది.

పెద్దమ్మగారి వేలు ఆ అంచు మీద ఒకసారి వెళ్ళింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆవిడ చేయి తీసేసి నవ్వి, "ముసలిదాన్ని అయిపోయాను తల్లీ, వేళ్ళు మొద్దుబారిపోయాయి" అన్నారు.

నేను "అవునండీ, వయసు కదా" అన్నాను.

(పెద్దమ్మగారి వైపు తిరిగి)

పెద్దమ్మగారూ, మీ వేళ్ళు మొద్దుబారలేదమ్మా. మీ వేళ్ళు బాగానే ఉన్నాయి. అక్కడ కుట్లే లేవు. నేను తీసేశాను.

ఈ రెండు వారాలూ నాకు ఈ సన్మానం సంగతే చెబుతున్నారు అందరూ. ఏం తొడుక్కుంటావు, ఏం మాట్లాడతావు అని. నేను మాత్రం అద్దం పెట్టుకుని ఆ పసుపు ముక్క చూస్తూ కూర్చున్నాను. నూలులా కాదు పట్టు. పట్టుకి ఒకసారి సూది గుచ్చితే గుచ్చినట్టే. అప్పట్లో ఆవిరి పట్టి, గోటితో రాసి ఆ రంధ్రాలు మూయాలని చూశాను. వెతకనివాళ్ళ కంటికి ఆనవు గానీ, మూసుకోలేదు. నా తిన్నని కుట్టు పక్కనే అవన్నీ ఉన్నాయి, చీమలు నడిచి వెళ్ళినట్టు. లెక్కపెట్టాను. నలభై ఒకటి. నలభై ఒక్క కుట్లు వేసింది ఆ పాప.

మా పెద్ద మేస్త్రిగారిది ఒక నియమం ఉండేది. పాత బట్టలోంచి తీసిన పోగు మనది కాదు, ఎంత చిన్నదైనా కవరులో వేసి పేరు రాసి పెట్టాలనేవారు. అందుకని ఆ దారం ఉంది. ఇదిగో, తెచ్చాను. కవరు మీద నా రాతే ఉంది: "పసుపు ముక్క. వంకర కుట్టు." ఇన్నేళ్ళు ఆ కుట్లలో ఉండి దారం వంపులు తిరిగి అలాగే బిగుసుకుపోయింది. ఈ నియమం బట్టలిచ్చినవాళ్ళ దారాలకే గానీ, నేర్చుకునే పిల్లల దారాలకి లేదు. ఉండుంటే నా దగ్గర కూడా ఒక కవరు ఉండేది.

శుక్రవారం ప్రదర్శనశాల బండి వస్తుంది. బొంతని అద్దాల పెట్టెలో పెట్టేస్తారు. ఆ తర్వాత దాన్ని ఎవరి వేలూ ముట్టుకోదు. ఈలోగా నాకు రెండు మధ్యాహ్నాలు కావాలి. ఆ మూలలో నా కుట్టు తీసేస్తాను. ఆ నలభై ఒక్క రంధ్రాల్లోంచే, ఒక్కటీ వదలకుండా, ఒక్క కొత్త రంధ్రం పడకుండా, ఆ పాప నడిచిన దారినే మళ్ళీ కుడతాను. పాత దారం పెళుసు, సూదికెక్కదు, కొత్త దారానికి అదే రంగు అద్దించి పెట్టుకున్నాను. వారంగా వేరే గుడ్డ మీద చేయి తిప్పుకుంటున్నాను. వంకరగా కుట్టడం ఇంత కష్టమని నాకు తెలియదు. నా కుడిచేయి మాట వినడం లేదు, ఎంత వద్దన్నా తిన్నగా పోతోంది. చివరికి ఎడమచేత్తో పట్టుకున్నాను. అప్పుడు కాస్త వస్తోంది.

అది ఆ పాప కుట్టు అవదు, నాకు తెలుసు. అది పోయింది, పోగొట్టింది నేను. కానీ మీ వేలు మళ్ళీ ఒకసారి వెళితే, ఎక్కడ తూలిందో ఎక్కడ పరిగెత్తిందో తగులుతుంది. ప్రదర్శనశాల అయ్యగారికి కూడా ఒక మనవి. అట్ట మీద ఈ మూల సంగతి ఉన్నదున్నట్టు రాయించండి. ఒక పాప కుట్టింది, ఒకావిడ తెలిసీ విప్పింది, మళ్ళీ కుట్టింది అని. నా గురించి ఇంకేం రాయొద్దు.

పెద్దమ్మగారూ, బొంత మీది. మీరు వద్దంటే అది అలాగే వెళ్ళిపోతుంది. మీరేమంటే అది.

(పెద్దమ్మగారు కూర్చున్నచోటి నుంచే చేయి చాచారు. వక్త వేదిక దిగి, కవరులోంచి దారం తీసి ఆమె చేతికి అందించబోయారు. మైకు కూడా అక్కడికి తీసుకువెళ్ళారు.)

"మెల్లిగా అమ్మా, పెళుసుగా ఉంది."

"నాకు తెలుసులే. ఇలా ఇవ్వు... ఇంటికెళ్ళి నేను నా వేళ్ళని ఎంత తిట్టుకున్నానో తెలుసా నీకు?"

"తెలుసమ్మా."

"నాయనమ్మ చూపించింది కూడా మర్చిపోయాను కాబోలు, అసలు అక్కడ కుట్లు ఉండేవో లేదో అనుకున్నాను. అంత దూరం పోయింది నా బుద్ధి."

"తప్పయిపోయిందమ్మా."

"తప్పే. మీ అమ్మాయికి పదహారా?"

"పదహారు నిండి రెండు నెలలు."

"ఊఁ."

(పెద్దమ్మగారు దారాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, దాని వంపులు ఒక్కొక్కటిగా తడిమారు.)

"సరే. విప్పు."

(వక్త తిరిగి వేదిక ఎక్కారు.)

ఇది కాగితంలో లేదు. కాగితం అయిపోయింది, ఇక ఇరవై మూడున్నర తప్ప ఏమీ లేదు.

ఈ మాట నేను ఎంతమందికి అన్నానో లెక్కలేదు. నాకు అన్నవాళ్ళు ఎవరూ లేరు, ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఈ మాట విన్న పిల్లల ముఖాలు ఎలా ఉండేవో నేను తల ఎత్తి చూడలేదు. మీ ముఖాలు కూడా చూడలేదర్రా, వెనక వరసలో ఉన్నవాళ్ళూ. మీరు రేపు ఎవరికైనా నేర్పుతారు. వాళ్ళ కుట్టు వంకరగా వస్తే విప్పించండి, పని పని కదా. కానీ మొదటి గుడ్డ ఒక్కటి విప్పించకుండా, పేరు రాసి ఎక్కడైనా దాచి పెట్టండి.

చిన్న మేస్త్రిగారూ, ఆ కుర్చీ ఇవాళ మా ఇంటికి పంపకండి. కుట్టుగదిలో కిటికీ పక్కన వేయించండి, రేపూ ఎల్లుండీ పెద్దమ్మగారు అందులో కూర్చుంటారు. నాకు నా పీట చాలు. ప్రతి కుట్టూ ఆవిడ వేలితో చూసుకుని సరేనంటేనే తర్వాతి కుట్టు వేస్తాను. ఇస్త్రీ మావయ్యా, ఈ రెండు రోజులు ఆ మూల మీద ఇస్త్రీ పెట్టెని రానివ్వకు.

ఇంతసేపు నా మాటలు ఓపిగ్గా విన్నారు, అందరికీ ధన్యవాదాలు. పని ఇంకా మిగిలింది కాబట్టి పూర్తి సెలవు శుక్రవారం తీసుకుంటాను. ప్రస్తుతానికి ఈ మైకు దగ్గర్నుంచి మాత్రమే సెలవు.